హైదరాబాద్ నుంచి డల్లాస్: 16 గంటలా, 36 గంటలా?

హైటెక్ సిటీలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లో అడిగినా డల్లాస్‌లో ఎవరో ఒకరు ఉంటారు. మా పెదనాన్న కొడుకు కూడా అక్కడే.

రెండేళ్ల కింద, జనవరిలో, గురువారం రాత్రి 9 గంటలకు హన్మకొండలో మా తాతయ్య పోయారు. "అన్నయ్య రావడానికి ఎంతసేపు పడుతుందిరా?" అని బాబాయ్ అడిగాడు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనే కదా, ఫోన్‌లో చూసి "16 గంటలు" అని చెప్పేశాను. పెద్దవాళ్లు ఆ లెక్కతోనే శుక్రవారం సాయంత్రం 4 గంటలకు దహనం పెట్టారు. అన్నయ్య ఇల్లు చేరేసరికి శనివారం ఉదయం 9 అయింది.

మరి నేను చెప్పిన 16 ఎక్కడిది? హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 175. అంటే భూగోళం మీద దాదాపు ఎదురెదురు వైపులు. అందుకే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. మన అక్షాంశం 17, ధ్రువానికి 73 డిగ్రీలు. డల్లాస్ 33, అటు 57. మొత్తం 130. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున సుమారు 14,400 కి.మీ. గంటకు 900 వేగంతో 16 గంటలు. లెక్క కరెక్టే. కానీ ఆ దారిలో నాన్‌స్టాప్ ఫ్లైటే లేదు!

ఇప్పుడు అన్నయ్య లెక్క చూద్దాం. కబురు తెలిసేసరికి అక్కడ గురువారం ఉదయం 9:30. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. టికెట్, లీవు, మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టు: ఫ్లైట్ ఎక్కేసరికి తొమ్మిదిన్నర గంటలు. దుబాయ్ దాకా 12,900 కి.మీ., పద్నాలుగున్నర గంటలు. అక్కడ 4 గంటలు వెయిటింగ్. శంషాబాద్‌కి 2,550 కి.మీ., మూడున్నర గంటలు. ఇమిగ్రేషన్, లగేజీ, హన్మకొండకి కారు: ఇంకో నాలుగున్నర. మొత్తం 36.

చూశారా, దారి పెరిగింది వెయ్యి కి.మీ.లే. టైమ్ మాత్రం 20 గంటలు పెరిగింది. గాల్లో ఉన్నది 18 గంటలు, మిగతా 18 నేల మీదే పోయాయి. ఇటునుంచి అటు వెళ్లేటప్పుడైతే ఎదురుగాలి వల్ల దుబాయ్–డల్లాస్ దాదాపు 16 గంటలు పడుతుంది.

కాబట్టి ఎవరైనా "ఎంతసేపు?" అని అడిగితే మ్యాప్ చూసి చెప్పకండి. అక్కడి వాళ్లకి ఫోన్ చేసి, ఏ ఫ్లైట్ దొరికింది, శంషాబాద్‌లో మన టైమ్ ప్రకారం ఎన్నింటికి దిగుతుంది, అది అడగండి. దానికి ఊరి ప్రయాణం కలపండి. అప్పుడు పెద్దవాళ్లకు చెప్పండి. ఫ్రీజర్ బాక్స్ పెట్టి ఆగాలా వద్దా అన్నది వాళ్లు నిర్ణయించుకుంటారు. సరైన నంబర్ ఇవ్వడం మన పని.

ఆ రోజు నేనది చెయ్యలేదు. అన్నయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఈ ఎపిసోడ్. మళ్ళీ కలుద్దాం.