జిరాక్స్ అడిగిన పిల్లల్ని వెనక్కి పంపకండి

"మేడమ్, ఈ పాఠం జిరాక్స్ తీసుకోవచ్చా?" డిగ్రీ కాలేజీ లైబ్రరీలో రోజూ వినే మాట ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నాతోటి లైబ్రేరియన్లలో చాలామంది వద్దనే చెబుతారు. ఏ భాగాన్నీ ఏ రూపంలోనూ కాపీ చేయకూడదని పుస్తకం మొదటి పేజీల్లో అచ్చేసి ఉంటుంది మరి, భయం వెయ్యదూ! కానీ అది పబ్లిషరు మాట. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇంకో మాట చెబుతోంది. సొంత చదువుకీ పరిశోధనకీ న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. పాఠం చెప్పే క్రమంలో టీచరైనా విద్యార్థైనా కాపీ తీసుకోవచ్చు.

ఇది కోర్టు మెట్లెక్కిన సంగతే. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలో రామేశ్వరి అనే జిరాక్స్ షాపు ఉండేది. సిలబస్‌లో ఉన్న అధ్యాయాలను అక్కడ కాపీ తీసి, కట్టలు కట్టి విద్యార్థులకు అమ్మేవారు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు దావా వేశాయి. 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ దావా కొట్టేసింది. అప్పీలు విన్న డివిజన్ బెంచి డిసెంబరులో కేసును తిరిగి విచారణకు పంపింది గానీ, ఒక విషయం తేల్చి చెప్పింది: ఎన్ని పేజీలన్నది కాదు, బోధనకు అవి అవసరమా అన్నదే కొలత. మరుసటి మార్చిలో ప్రచురణ సంస్థలు దావా వెనక్కి తీసుకున్నాయి. అయినా మన ట్రైనింగుల్లో ఇప్పటికీ "పది శాతం దాటకూడదు" అంటుంటారు. 52వ సెక్షన్‌లో చదువుకి సంబంధించిన ఆ క్లాజుల్లో శాతాల లెక్కే లేదు. అమెరికా చట్టం మీద తయారుచేసిన స్లైడ్లు తెచ్చి మనకి పాఠం చెబితే ఇలాగే ఉంటుంది.

ఏ పుస్తకానికి హక్కులున్నాయో, దేనికి తీరిపోయాయో లెక్క కట్టడం కూడా మనకి నేర్పాలి. రచయిత పోయిన ఏడాది తర్వాత అరవై ఏళ్లు, అంతే. గురజాడ 1915లో పోయారు. కన్యాశుల్కం ఎవరైనా అచ్చేసుకోవచ్చు, స్కాన్ చేసి అందరికీ పెట్టొచ్చు. వెల్చేరు నారాయణరావు గారు 2007లో తెచ్చిన దాని ఇంగ్లీషు అనువాదం మాత్రం అలా కాదు, దాని హక్కులు దానివే. 1940లో పోయిన గిడుగు వారి రచనలకూ గడువు దాటింది. విజయనగరం చాసో కథలకు 2054 చివరిదాకా, కారా మాస్టారి కథలకు 2081 చివరిదాకా హక్కులుంటాయి.

కారా మాస్టారి పేరు ఎత్తాక తెలుగు కథల లైబ్రరీ కథానిలయం గురించి చెప్పకుండా ఉండలేను. 1997లో శ్రీకాకుళంలో ఆయన దాన్ని పెట్టకపోతే ఎన్ని పాత పత్రికలు చెదలపాలయ్యేవో! ఇలా పాతవి కాపాడుకోవడానికి, వ్యాపారం చేయని పబ్లిక్ లైబ్రరీకి చట్టం రెండు వెసులుబాట్లు ఇచ్చింది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ కోసం మూడు కాపీలదాకా తీయించుకోవచ్చు. తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు. ఈ రెండోది 2012 సవరణతో వచ్చింది.

దాచుకోవడం వేరు, వాట్సాప్‌లో పంచేయడం వేరు. మన కథకుల్లో ఎంతోమంది సొంత డబ్బు పెట్టి కొద్ది కాపీలు వేసుకుంటారు. బతికున్న రచయిత పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో వదిలితే ఆయన నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. చదువు పేరు చెప్పి దాన్ని సమర్థించడం నాకు సమ్మతం కాదు.

ఇంకో క్లాజు ఉంది. దాని సంగతి ప్రిన్సిపాళ్లకీ తెలియాలి. చూపులేని విద్యార్థి కోసం పుస్తకం మొత్తం చదివి రికార్డు చేసినా, బ్రెయిలీలోకి మార్చినా తప్పు లేదు, లాభం చూసుకోనంతవరకు. 52వ సెక్షన్ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నేను అందులో మా పనికొచ్చే క్లాజులను తెలుగులో రాసి కౌంటర్ పక్కన అంటించాను. మిగతా కాలేజీలవాళ్లు అడిగితే ఆ కాగితం జిరాక్స్ తీసి ఇస్తున్నాను.