కృష్ణా డెల్టా శ్రామికుల కీళ్ళ, కండరాల నొప్పులు – ఆక్యుపంక్చర్, చైనా సంప్రదాయ చికిత్సలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వరి, ఆక్వా సాగులపై ఆధారపడిన బంటుమిల్లి పరిసరాల్లో మోకాళ్ళ నొప్పి, నడుంనొప్పి శ్రమతో ముడిపడిన సమస్యలు. వీటి ఉపశమనానికి ఆక్యుపంక్చర్, మాక్సా, కప్పింగ్ చికిత్సలు ఎంతవరకు తోడ్పడగలవో, ఎక్కడ వాటి పరిధి ముగుస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. నొప్పి రకాన్ని ముందుగా గుర్తించకుండా చికిత్సాపద్ధతిని ఎంచుకోవడం హానికరమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆక్యుపంక్చర్, మాక్సా, కప్పింగ్, కీళ్ళ అరుగుదల, అగ్నికర్మ, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:
మచిలీపట్నం, గుడివాడ, కైకలూరుల నడుమ ఉన్న బంటుమిల్లి ప్రాంతం కృష్ణా తూర్పు డెల్టాలో సముద్రానికి చేరువైన భాగం. 1855లో బెజవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట, తరువాత దాని స్థానాన్ని తీసుకొన్న ప్రకాశం బ్యారేజి ఈ ప్రాంతంలో వరిసాగును స్థిరపరిచాయి. సార్వా, దాళ్వా పంటల్లో నారు తీయడం, నాట్లు వేయడం, కలుపు తీయడం వంటి పనుల్లో అధికభాగం స్త్రీలదే. మోకాలిలోతు బురదలో గంటల తరబడి నడుము వంచి వెనక్కు అడుగులు వేసే పని అది. చేపల, రొయ్యల చెరువుల్లో వలలు లాగడం, మేత బస్తాలు మోయడం భుజాలపైన, వెన్నుపైన భారం మోపుతాయి.

ఇట్టి శ్రమ మిగిల్చే బాధలన్నింటినీ వాడుకలో ‘వాతం నొప్పులు’ అనే ఒకే మాట కలిపివేస్తుంది. వైద్యదృష్టిలో అవి వేరువేరు. మృదులాస్థి క్షీణించడంవల్ల వచ్చేది కీళ్ళ అరుగుదల. శరీర రక్షణవ్యవస్థ తన కీళ్ళపైనే దాడిచేయడంవల్ల వచ్చేది రుమటాయిడ్ కీళ్ళవాతం. కండరాలు బిగుసుకోవడం ఒక స్థితి, వెన్నులో నరం నొక్కుకొని కాలిలోకి నొప్పి దిగడం మరొక స్థితి. ఏ చికిత్సనైనా ఈ విభజన తరువాతనే పరిశీలించవలసి ఉంటుంది.

2. దేశీయ పూర్వరంగం:
నొప్పిఉన్న చోట చర్మాన్ని గుచ్చడం, కాల్చడం, పీల్చడం భారతీయ వైద్యానికి కొత్త కాదు. సుశ్రుతసంహిత 107 మర్మస్థానాలను పేర్కొన్నది. కండరాలు, స్నాయువులు, సంధులు, ఎముకలలో తీవ్రమైన వాతవేదనకు అగ్నికర్మను, రక్తమోక్షణానికి కొమ్ము, సొరబుర్ర, జలగలను విధించింది. ‘కర్రు కాల్చి వాత పెట్టడం’ అనే తెలుగు నుడికారంలో వాత వేసే ఆచారపు జాడ నేటికీ నిలిచి ఉన్నది. చైనాలో నేడు గాజుగిన్నెలతో చేసే కప్పింగ్‌కు ప్రాచీననామం ‘కొమ్ము పద్ధతి’ కావడం గమనార్హం. అయితే పోలిక ఉన్నంతమాత్రాన ఒకటి మరొకదానినుండి పుట్టిందని నిర్ణయించడానికి వీలులేదు.

3. చికిత్సాపద్ధతులు:
చైనా వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్డీ నైజింగ్’ ప్రకారం దేహంలో ‘చీ’ అనే ప్రాణశక్తి నాళమార్గాల్లో ప్రవహిస్తుంది. దాని అవరోధమే నొప్పి. నేటి ప్రామాణిక పట్టికలో ప్రధాన మార్గాలు 12, బిందువులు 361. మోకాలి నొప్పికి తరచుగా ఎంచుకొనే ‘జుసాన్లీ’ మోకాలిచిప్పకు దిగువన, కాలి ముందుభాగంలో వెలుపలివైపున ఉంటుంది.

పల్లెవాడుకలో ‘సూది’ అంటే ఇంజెక్షనే. ఆక్యుపంక్చర్ సూదిలో మందు ఉండదు. అది వెంట్రుకను తలపించే సన్నని ఘనలోహపు తీగ. సాధారణంగా దానిని 20 నుండి 30 నిమిషాలు ఉంచి తీస్తారు. సూదులకు స్వల్పవిద్యుత్తును జోడిస్తే అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. మాక్సా చికిత్సలో ఎండిన ఆకుల నూగును రగిలించి బిందువులకు వేడి తగిలిస్తారు. ఆ ఆకు వినాయకచవితి పత్రిలోని మాచిపత్రి ప్రజాతికే చెందిన మొక్కది.

4. పనిచేసే తీరు:
‘చీ’ మార్గాలకు శరీరనిర్మాణశాస్త్రంలో ఆధారం లభించలేదు. కానీ సూది తాకిడికి నాడీవ్యవస్థ ప్రతిస్పందిస్తుందనడానికి ఆధారాలున్నాయి. 1970ల నుండి బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం జరిపిన పరిశోధనలు విద్యుత్ ప్రేరణవల్ల మెదడు, వెన్నుపాములలో సహజమైన నొప్పినివారక పదార్థాలు విడుదలవుతాయని చూపాయి. 2010లో వెలువడిన ఒక పరిశోధన, ఎలుకల్లో సూది గుచ్చినచోట అడినోసిన్ పెరిగి నొప్పి సంకేతం తగ్గుతుందని నిరూపించింది. ఇవి నొప్పి తగ్గే తీరును కొంతవరకు వివరిస్తాయి. అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగుతుందని మాత్రం ఇవి చెప్పవు.

5. ఆధారాల బలాబలాలు:
జర్మనీలో దీర్ఘకాలిక నడుంనొప్పిఉన్న 1,162 మందిపై జరిగిన పరీక్షా ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. ఆరు నెలలకు మేలు కనిపించినవారు ఆక్యుపంక్చర్ వర్గంలో 47.6 శాతం, బిందువులు కానిచోట్ల పైపైన గుచ్చిన నకిలీ చికిత్సావర్గంలో 44.2 శాతం, సాధారణ వైద్యవర్గంలో 27.4 శాతం. రెండు రకాల గుచ్చడమూ సాధారణ వైద్యంకన్న మెరుగైన ఫలితమిచ్చింది. బిందువు ఎంపికవల్ల కలిగిన తేడా మాత్రం స్వల్పం. 39 పరీక్షలలోని 20,827 మంది రోగుల వివరాలను కలిపి విశ్లేషించిన 2018 నాటి అధ్యయనంలో నకిలీ చికిత్సకన్న ఆక్యుపంక్చర్‌కు చిన్నదే అయినా నిజమైన ఆధిక్యం కనిపించింది. దానికి భిన్నంగా, 50 ఏళ్ళు పైబడిన 282 మందిపై ఆస్ట్రేలియాలో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో మోకాలి నొప్పికి నకిలీ చికిత్సను మించిన ప్రయోజనం తేలలేదు.

ఈ భిన్నత్వం మార్గదర్శకాలలోనూ ఉన్నది. అమెరికా రుమటాలజీ కళాశాల 2019లో మోకాలి అరుగుదలకు ఆక్యుపంక్చర్‌ను షరతులతో సూచించింది. బ్రిటన్‌కు చెందిన ‘నైస్’ సంస్థ 2022లో అదే వ్యాధికి వద్దన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుంనొప్పికి చికిత్సాక్రమంలో ఒక భాగంగా దీనికి చోటిచ్చింది. సూదితో పోలిస్తే కప్పింగ్, మాక్సాలకు ఉన్న ఆధారాలు బలహీనమైనవి.

6. భారతదేశంలో ప్రవేశం, గుర్తింపు:
1938లో చైనాకు వెళ్ళిన భారతీయ వైద్యబృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్, డాక్టర్ బిజయ్ కుమార్ బసు సభ్యులు. కోట్నిస్ జన్మస్థలమైన షోలాపూర్ తెలుగు పద్మశాలీలు పెద్దసంఖ్యలో స్థిరపడిన నగరం. ఆయన 1942లో చైనాలోనే మరణించారు. బసు 1950ల చివర మళ్ళీ చైనాకు వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చి, కలకత్తాలో దానిని ఆచరణలోకి తెచ్చారు. కేంద్రప్రభుత్వం 2003లో దీనిని చికిత్సావిధానంగా, 2019లో స్వతంత్ర ఆరోగ్యసంరక్షణ పద్ధతిగా గుర్తించింది. తెలుగునాట ప్రకృతి వైద్య, యోగ పట్టవిద్య ద్వారా కూడా ఇది బోధనలో చేరింది. హైదరాబాదులో ప్రకృతి చికిత్సా కళాశాల 1970లోనే నెలకొన్నది. 1945 నుండి హోమియో వైద్యకళాశాల ఉన్న గుడివాడ ప్రాంతానికి అల్లోపతేతర వైద్యం అపరిచితం కాదు.

7. డెల్టాకు అన్వయం:
కూలిపనికి విరామం దొరకనివారికి మందులదుకాణంలోని నొప్పిమాత్రే దగ్గరి మార్గం. కానీ ఆ మాత్రలను దీర్ఘకాలం వాడితే జీర్ణాశయంలో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం ఉన్నది. ఎండలో చెమటోడ్చి నీరు తక్కువగా తాగేవారికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. మాత్రల మోతాదును తగ్గించగల ఏ సహాయక చికిత్సకైనా అందువల్లనే విలువ ఉన్నది. ఇక్కడ ఆక్యుపంక్చర్‌ను వ్యాయామానికి, బరువు నియంత్రణకు, పనిభంగిమ మార్పుకు తోడుగా పరిగణించవచ్చు. ప్రత్యామ్నాయంగా కాదు.

పరిధులు కూడా స్పష్టం. జ్వరంతో కీలు వాచి ఎర్రబడటం, కాళ్ళు చచ్చుబడటం, మూత్రంపై పట్టుతప్పడం తక్షణ ఆసుపత్రి చికిత్స అవసరమైన లక్షణాలు. రుమటాయిడ్ కీళ్ళవాతంలో సూదులతో నెలలు గడిపితే, ఆరంభంలోనే మందులతో కాపాడుకోగలిగిన కీళ్ళు వంకరపోతాయి. మధుమేహంవల్ల స్పర్శ తగ్గిన పాదాలకు మాక్సా కాలినగాయాలు చేయగలదు. ఒకసారి వాడి పారవేసే సూదులు తప్పనిసరి. భుజం, ఛాతీలపై లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి గాయం కావచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ విషయం ముందే చెప్పాలి.

పరిశోధకులు గమనించవలసిన మరొక అంశం కొలమానం. మోకాలి పరీక్షల్లో విరివిగా వాడే ‘వోమాక్’ ప్రశ్నావళిలో 24 అంశాలున్నాయి. కారెక్కి దిగడం, స్నానపుతొట్టిలోకి దిగడం, మేజోళ్ళు తొడగడం అందులో ఉన్నాయి. గొంతుక్కూర్చోవడం, బురదలో వంగి నడవడం లేవు. నాట్లు వేసే స్త్రీకి మేలు జరిగిందో లేదో ఆమె తిరిగి గనిమ దిగగలగడంలో తెలుస్తుంది.

8. ముగింపు:
ఆక్యుపంక్చర్ దీర్ఘకాలిక నొప్పికి పరిమితమైన, వాస్తవమైన ఉపశమనం ఇవ్వగల సహాయక చికిత్స. నొప్పి కారణాన్ని అది తొలగించదు. రోగనిర్ణయం ముందు, సూది తరువాత అన్న క్రమం పాటించినప్పుడే అది శ్రామికునికి మేలు చేస్తుంది. డెల్టా పనితీరుకు తగిన తెలుగు ప్రశ్నావళిని రూపొందించడం ఈ దిశలో జరగవలసిన తొలి పరిశోధన.