ప్రొజెక్టర్ కొంటున్నారా? డబ్బా మీద రాసిన మాటలకు అర్థం ఇదీ

మదరసాలో పిల్లలకు పాఠాలు చూపించాలన్నా, జల్సాలో వేరే హాల్లో కూర్చున్న మహిళలకు బయాన్ కనిపించాలన్నా, ఇంటిల్లిపాదీ కలిసి మ్యాచ్ చూడాలన్నా ఇప్పుడు అందరి చూపూ ప్రొజెక్టర్ మీదే. ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకే ‘4కె సపోర్ట్’, ‘12,000 ల్యూమెన్స్’ అంటూ ప్రకటనలు కనిపిస్తాయి. తీరా తెచ్చి పెడితే బొమ్మ మసక, అక్షరాలు చదవరావు. అది చందా డబ్బుతో కొన్నదైతే కమిటీ జమాత్‌కు జవాబు చెప్పుకోవాలి. నాలుగైదు మాటల అర్థం తెలిస్తే ఈ నష్టం తప్పుతుంది.

ల్యూమెన్స్: వెలుగు కొలత

ప్రొజెక్టర్ నుంచి మొత్తం ఎంత వెలుగు వస్తుందో చెప్పేది ల్యూమెన్స్. అయితే వట్టి ‘ల్యూమెన్స్’ అని రాస్తే దాన్ని ఎలా కొలిచారో తెలియదు. కొందరు లోపలి బల్బు వెలుగునే లెక్కగట్టి పెద్ద అంకె వేస్తారు. ‘ఆన్సీ ల్యూమెన్స్’ అని ఉంటే తెర మీద తొమ్మిది చోట్ల వెలుగును కొలిచి, సగటు తీసి చెప్పిన లెక్క అన్నమాట. ‘ఐఎస్ఓ ల్యూమెన్స్’ కూడా నమ్మదగిన కొలతే. చీకటి గదిలో 100 అంగుళాల బొమ్మకు 300 నుంచి 500 ఆన్సీ ల్యూమెన్స్‌తో పని జరుగుతుంది. లైట్లు వెలిగే హాలుకు, క్లాసు గదికి 3,000 లేదా అంతకంటే ఎక్కువే కావాలి.

బొమ్మ పెద్దదయ్యేకొద్దీ అదే వెలుగు పలచబడుతుంది. 60 అంగుళాల బొమ్మను 120 అంగుళాలకు పెంచితే తెర వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

నేటివ్ రిజల్యూషన్: అసలు చుక్కలెన్ని?

బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వాటినే పిక్సెళ్లు అంటారు. 1280×720 అంటే సుమారు 9 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080లో 20 లక్షలకు పైగా, 4కెలో దాదాపు 83 లక్షలు ఉంటాయి.

మోసం ఎక్కువగా జరిగేది ‘సపోర్ట్’ అన్న మాట దగ్గరే. ‘4కె సపోర్ట్’ అంటే 4కె వీడియో ఇస్తే తీసుకుంటుందని మాత్రమే. తెర మీద అన్ని చుక్కలూ పడతాయని కాదు. చవక మోడళ్లలో కొన్నింటికి అసలు సామర్థ్యం 800×480, అంటే 4 లక్షల చుక్కలు కూడా ఉండవు. కాబట్టి ‘నేటివ్’ అన్న మాట పక్కన ఏ అంకె ఉందో అదే చూడాలి.

త్రో రేషియో: ఎంత దూరంలో పెట్టాలి?

తెరకూ ప్రొజెక్టర్‌కూ మధ్య దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో రేషియో. 100 అంగుళాల బొమ్మ వెడల్పు దాదాపు 7 అడుగుల 3 అంగుళాలు. త్రో రేషియో 1.5 అయితే ప్రొజెక్టర్‌ను సుమారు 11 అడుగుల దూరంలో పెట్టాలి. గది 10 అడుగులే ఉంటే అంత బొమ్మ రాదు. చిన్న గదులకు 1 కంటే తక్కువ ఉన్న ‘షార్ట్ త్రో’ రకం నయం.

కీస్టోన్, దీపం

ప్రొజెక్టర్‌ను వంచి పెడితే బొమ్మ ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా పడుతుంది. దాన్ని సరిచేసేదే కీస్టోన్. ఎక్కువగా వాడితే కొన్ని చుక్కలు వృథా అయి స్పష్టత తగ్గుతుంది. వీలైతే తెరకు తిన్నగా పెట్టడమే మేలు.

పాత తరహా ల్యాంపు సాధారణంగా 3,000 నుంచి 5,000 గంటలు వస్తుంది. ఎల్ఈడీ, లేజర్ రకాలు 20,000 గంటల వరకూ వస్తాయి. రోజుకు 4 గంటలు వాడితే 4,000 గంటల ల్యాంపు మూడేళ్లు కూడా రాదు, 20,000 గంటలది 13 ఏళ్లు దాటుతుంది. ఈ గంటలు సాధారణంగా వెలుగు సగానికి తగ్గేవరకు వేసిన లెక్క.

టీవీ అయితే?

టీవీ వెలుగును ‘నిట్స్’లో చెబుతారు. దాన్ని ల్యూమెన్స్‌తో పోల్చకూడదు. ‘క్యూఎల్ఈడీ’ అంటే వెనక లైటుండే ఎల్‌సీడీ టీవీయే, రంగులు మాత్రం మెరుగ్గా ఉంటాయి. ‘ఓఎల్ఈడీ’లో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే నలుపు అసలైన నలుపులా కనిపిస్తుంది. పగటి వెలుతురు ఎక్కువగా ఉండే గదికి చవక ప్రొజెక్టర్ కంటే టీవీయే మంచిది.

కొనేముందు అడగాల్సినవి

• ఆన్సీ ల్యూమెన్స్ ఎన్ని?
• నేటివ్ రిజల్యూషన్ ఎంత?
• మన గది పొడవుకు ఎంత బొమ్మ వస్తుంది?
• ల్యాంపు మార్చాల్సి వస్తే ధర ఎంత, దొరుకుతుందా?
• గల్ఫ్ నుంచి తెప్పిస్తే వారంటీ ఇక్కడ చెల్లుతుందా?

దుకాణంలో లైట్లు వేయించి, ఉర్దూ గానీ తెలుగు గానీ చిన్న అక్షరాలున్న పేజీని తెర మీద చూపించమనండి. వెనక వరుసలో కూర్చునేవారు ఉండేంత దూరం నుంచి చదవగలిగితేనే డబ్బు కట్టాలి.