కీళ్ళవాతం – మనోవైఖరి

మానవ శరీరాన్ని పీడించే దీర్ఘవ్యాధులలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఒకటి. తెలుగువారు దీనిని కీళ్ళవాతమనీ, ఉర్దూ మాట్లాడేవారు గఠియా అనీ వ్యవహరిస్తారు. ఆ పేర్లు కీళ్ళనొప్పులన్నిటికీ వర్తిస్తున్నందువల్ల, వార్ధక్యంలో కీళ్ళు అరగడం వల్ల కలిగే నొప్పికీ, ఈ వ్యాధికీ గల భేదాన్ని ముందుగా గుర్తించవలసి ఉన్నది.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తియే దారితప్పి కీళ్ళ లోపలి పొరపై దాడి చేయడం ఈ వ్యాధి స్వరూపం. వ్రేళ్ళు, మణికట్లు, పాదాల కీళ్ళు సాధారణంగా ఇరుప్రక్కలా వాచుతాయి. ఉదయం లేవగానే బిగుసుకొన్న చేతులు గంటకు పైగా స్వాధీనంలోనికి రావు. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికం. యౌవనంలోనూ రావచ్చును.

వ్యాధి పేరు వినగానే రోగి మనస్సులో మెదిలేది వంకరలు తిరిగిన వ్రేళ్ళతో మంచాన పడిన ఏ అమ్మమ్మ రూపమో, మేనత్త రూపమో! "నా గతీ అంతే" అనే నిరీక్షణ ఆనాడే మొదలవుతుంది. కాని ఆ రూపం సరియైన చికిత్స లేని తరానిది. 1988లో అమెరికాలో ఈ వ్యాధికి ఆమోదం పొందిన మెథోట్రెక్సేట్ మొదలుగాగల మందులను తొలిదశలోనే వైద్యుని పర్యవేక్షణలో వాడితే, అనేకులలో అవిటితనాన్ని నివారించవచ్చును.

కష్టాన్ని ఎదుర్కొనే తీరును లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో తమ గ్రంథంలో రెండు విధాలుగా విభజించారు. సమస్యను సరిదిద్ద యత్నించడం మొదటిది. సమస్య వల్ల కలిగే మనోవేదనను అదుపు చేసుకొనడం రెండవది. వేడినీటితో చేతులకు కాపడం పెట్టుకొనడం, పనిని దినమంతటికీ పంచుకొనడం, లావుపాటి పిడిగల గరిటె వాడడం మొదటి కోవకు చెందుతాయి. దుఃఖాన్ని ఆత్మీయులతో చెప్పుకొనడం రెండవ కోవకు చెందుతుంది. రెండూ అవసరమే. "ఇక నావల్ల కాదు" అని చేతులు ముడుచుకొంటే కండరాలు క్షీణిస్తాయి, నిరాశ పెరుగుతుంది, అవిటితనం మరింత సమీపిస్తుంది. నొప్పి నిరాశనూ, నిరాశ నొప్పినీ పెంచుతాయి. ఇది రోగిపై మోపవలసిన నేరం కాదు. మనం త్రెంచవలసిన గొలుసు.

దక్షిణాఫ్రికా శస్త్రవైద్యుడు క్రిస్టియాన్ బర్నార్డ్‌కు ఈ వ్యాధి ఉన్నట్లు 1956లో తేలింది. మానవుని గుండెను మరొక మానవునికి తొలిసారిగా ఆయన అమర్చినది 1967లో. చేతులు సహకరించక శస్త్రచికిత్స విరమించినది 1983లో. అశక్తత వచ్చిన మాట నిజమే; కాని వ్యాధి తేలిన నాడే రాలేదు. ఆ మధ్యకాలమంతా ఆయనదే!

మన గృహాలలో రెండు పొరపాట్లు జరుగుతున్నవి. తల్లి నొప్పిని దాచుకొని రొట్టెలు చేస్తూ ఉంటే ఓర్పు అని మెచ్చుకొంటాము. ఎముకలకు హాని తొలి రెండేళ్ళలోనే మొదలు కావచ్చునని ఎరుగము. వ్యాధి బయటపడిన పిమ్మట "నీవేమీ చేయవద్దు, కూర్చో" అని ఆమె చేతిలోని పనినంతా లాగుకొంటాము. మొదటిది నిర్లక్ష్యం. రెండవది ప్రేమయే అయినా, ఆమెను నిస్సహాయురాలిని చేస్తుంది.

ధైర్యం ఔషధానికి బదులు కాజాలదు; ఔషధమూ ధైర్యానికి బదులు కాజాలదు. కావున విద్యార్థులమైన మనం, ఇంటిలో ఎవరి వ్రేళ్ళైనా వాచి ఉదయం బిగుసుకొనిపోతూ ఉంటే వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళుదము. "నీవు చేయలేవు" అనుటకు మారుగా "ఏది చేయగలవు? ఎంత సాయం కావాలి?" అని అడుగుదము.