సలహా ఇవ్వని వైద్యం

మనసు బాగు చేసుకోవడానికి వచ్చేవారు ఢిల్లీలో మొదట గురువు కోసమే వెతుక్కుంటారు. ఆ గురువు దొరక్కపోవడంతోనే చికిత్స మొదలవుతుంది.

గది చిన్నదే. రెండు కుర్చీలు, గోడకో గడియారం, బల్ల మీద టిష్యూ పేపర్ల డబ్బా. దక్షిణ ఢిల్లీలోనైనా, గురుగ్రామ్‌లోనైనా, నోయిడాలోనైనా సైకోథెరపీ గది దాదాపు ఇలాగే ఉంటుంది. వచ్చినవారు వేసే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: 'ఇప్పుడు నన్నేం చేయమంటారు?' దానికి జవాబు రాదు. మందుల చీటీ అంతకన్నా రాదు. ఎదుటి కుర్చీలోని వ్యక్తి ఇంకో ప్రశ్న వేస్తారు, లేదంటే ఊరుకుంటారు. 50 నిమిషాలయ్యాక ఫీజు కట్టి బయటికొచ్చే మనిషికి ఒళ్లు మండితే తప్పు పట్టలేం.

నిజానికి మన దగ్గర సలహాలకు కరవెక్కడ? మేనమామ మొదలుకొని పక్కింటి పిన్నిగారి దాకా, టీవీలో జ్యోతిష్కుడి నుంచి ఆఫీసులో హెచ్ఆర్ మేనేజర్ దాకా అందరూ ఇచ్చేవారే. 'ధైర్యంగా ఉండు, ఎక్కువ ఆలోచించకు' అనే మాట దిగులుపడ్డ ప్రతి మనిషీ వినే ఉంటాడు. దాంతో తగ్గే బాధే అయితే ఇక్కడి దాకా వచ్చేవాడే కాదు. మరి అన్ని సలహాలు చేయలేని పని వారానికి 50 నిమిషాల మాటలు ఎలా చేస్తున్నాయి?

ఢిల్లీలో ఉండి ఈ విషయాన్ని బాగా లోతుగా పరిశీలించిన వ్యక్తి సుధీర్ కాకర్. 1938లో నైనిటాల్‌లో పుట్టిన ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆ తర్వాత మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ ప్రభావంతో దారి మళ్లి, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారు. 1970లలో ఢిల్లీ వచ్చి ప్రాక్టీసు పెట్టారు. ఐఐటీలో పాఠాలూ చెప్పారు. పాశ్చాత్య పాఠ్యపుస్తకాల ప్రకారం మనోవిశ్లేషకుడు తటస్థంగా, తక్కువ మాట్లాడుతూ ఉండాలి. కాకర్ దగ్గరికి వచ్చిన భారతీయ రోగులకు ఆ తటస్థత నిర్లక్ష్యంలా తోచింది. వారు ఆయనలో డాక్టరును కాదు, గురువును చూశారు. 'నేను' అని మొదలుపెట్టినా కథంతా అమ్మ, నాన్న, అత్తగారు, తోడికోడలు, కులదైవం చుట్టూ తిరిగేది. ఇక్కడ చికిత్సకుడికి కాస్త ఎక్కువ ఆర్ద్రత, చొరవ అవసరమని కాకర్ గుర్తించారు. 1982లో వచ్చిన 'షామన్స్, మిస్టిక్స్ అండ్ డాక్టర్స్' కోసం ఆయన రాజస్థాన్‌లోని మెహందీపూర్ బాలాజీ ఆలయంలో దయ్యం వదిలించే తంతు నుంచి ఢిల్లీలో ఒక దర్గా పీరు దాకా పరిశీలించారు. 2024 ఏప్రిల్‌లో మరణించారు.

ఈ గురువు విషయాన్ని ఇంకో కోణంలో చూసినవారు జస్వంత్ సింగ్ నేకీ. మానసిక వైద్యుడు, పంజాబీ కవి కూడా. గురుశిష్య సంబంధాన్నే చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చని 1973లో ఒక అమెరికన్ పత్రికలో రాశారు. ఆధారపడటాన్ని పాశ్చాత్యులు బలహీనతగా చూస్తారు, మనకది పెరిగిన తీరు. ఇంకా వెనక్కి వెళ్తే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ ఉన్నారు. 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లోనే వాదనకు దిగిన ధీమా ఆయనది. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఆ సంఘం దంతపు విష్ణు ప్రతిమను కానుకగా పంపింది.

పాత భయం, కొత్త మనిషి

మార్పు ఎలా వస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. తెనాలి నుంచో ఖమ్మం నుంచో వచ్చి గురుగ్రామ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్న యువకుడు ఒకడున్నాడనుకోండి. బాస్ గొంతు వింటే చాలు, చెమటలు. రాత్రిళ్లు నిద్ర లేదు. థెరపీలో చేరి నాలుగు నెలలైంది. ఒకరోజు ట్రాఫిక్‌లో చిక్కుకుని ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. కూర్చోకముందే సంజాయిషీ మొదలుపెట్టాడు. థెరపిస్టు కోప్పడలేదు, 'ఫర్వాలేదు' అని కూడా అనలేదు. 'నేనేమంటానని భయపడ్డారు?' అని అడిగారు.

అసలు సంగతి అక్కడుంది. ఆ క్షణంలో యువకుడు చూస్తున్నది థెరపిస్టును కాదు, స్కూలు ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తండ్రిని. పాత సంబంధంలోని భయాన్ని, ఆశను కొత్త మనిషి మీద పెట్టడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. గుర్తుకు తెచ్చుకోలేనిదాన్ని మనిషి చేతల్లో మళ్లీ మళ్లీ చేస్తూ పోతాడని ఫ్రాయిడ్ 1914లోనే రాశారు. తండ్రి గురించి వంద కబుర్లు చెప్పినా రాని మెలకువ, భయం గదిలోనే కళ్లముందు జరుగుతున్నప్పుడు వస్తుంది. ఎదురుచూసిన తిట్టు రాదు. వేసుకున్న లెక్కకు, జరిగినదానికి మధ్య తేడా కనిపిస్తుంది. లండన్ విశ్లేషకుడు జేమ్స్ స్ట్రేచీ 1934లో మార్పుకు కీలకమని చెప్పింది ఈ తేడానే. అయితే ఒక్కసారి కనిపిస్తే చాలదు. బాస్ దగ్గర, భార్య దగ్గర, మళ్లీ థెరపిస్టు దగ్గర పదే పదే కనిపించాలి. నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పట్టేది అందుకే.

మన పురాణంలో ముల్లోకాలు చుట్టిరావాలన్న పోటీ తెలిసిందే. కుమారస్వామి నెమలి ఎక్కి వెళ్లిపోతాడు, వినాయకుడు ఇంట్లోనే ప్రదక్షిణం చేసి గెలుస్తాడు. స్వేచ్ఛగా వెళ్లిపోవాలి, అమ్మను విడవకూడదు అనే రెండు కోరికలూ భారతీయ కొడుకులో ఉన్నాయని కాకర్ ఈ కథను చదివారు. ఊళ్లో తల్లిదండ్రులను వదిలి పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఈఎంఐలు కడుతున్న తెలుగు యువకుడికి ఇది కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

అతనికి ఇంకో చిక్కు, భాష. ఢిల్లీలో థెరపీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనో హిందీలోనో సాగుతుంది. 'బెంగ' అంటే యాంగ్జైటీ కాదు, డిప్రెషనూ కాదు. 'అలక' సంగతి మరీ కష్టం. అలిగినవాడు కోపంగా ఉన్నట్టు కనిపిస్తాడు కానీ ఎవరో వచ్చి బతిమాలాలని కాచుకుని ఉంటాడు. రెండు వారాలు రాకుండా మానేసిన రోగిది ఒట్టి కోపమనుకునే థెరపిస్టు చికిత్సలో దొరికిన మంచి అవకాశాన్ని జారవిడుచుకున్నట్టే.

అంకెలు చెప్పేదేమిటి?

మాటలతో వైద్యమంతా ఇంత నిదానంగా సాగదు. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో గతాన్ని తవ్వడం తక్కువ, ఇప్పటి ఆలోచనలను పరీక్షించడం ఎక్కువ. 'బాస్ నన్ను తీసేస్తాడు' అన్న నమ్మకానికి ఆధారమేమిటో కాగితం మీద రాసుకు రమ్మంటారు. సెషన్లకు లెక్క ఉంటుంది. ఇంకా సులువైన పద్ధతిని గోవాలో ప్రయత్నించారు. మానసిక వైద్యంలో ముందు అనుభవం లేని సాధారణ వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మొత్తం 495 మందిని పరీక్షించిన ఆ అధ్యయనం 'లాన్సెట్'లో వెలువడింది. మూడు నెలలకు, కౌన్సెలింగ్ అందినవారిలో 64 శాతం మంది కోలుకోగా, మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో ఆ సంఖ్య 39 శాతం.

అయితే మొండి కుంగుబాటు సంగతి వేరు. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్, ఇతర చికిత్సలకు లొంగని 129 మందిని తీసుకుని, కొందరికి 18 నెలలు వారం వారం మనోవిశ్లేషణ చికిత్స ఇచ్చింది. 2015లో వచ్చిన ఫలితాల్లో ఆసక్తికరమైన విషయం ఒకటుంది. చికిత్స ముగిసేనాటికి రెండు బృందాల మధ్య పెద్ద తేడా లేదు. రెండేళ్ల తర్వాత చూస్తే, మనోవిశ్లేషణ పొందినవారిలో 44 శాతం మందికి తీవ్ర కుంగుబాటు లక్షణాలు లేవు, రెండో బృందంలో 10 శాతం మందికే. గదిలో మొదలైన పని బయట కూడా సాగిందన్నమాట. సగానికి పైగా మందికి ఈ మేలు జరగలేదన్నదీ ఆ అంకెల్లోనే ఉంది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి రుగ్మతల్లో మందులు లేకుండా మాటలతోనే నెట్టుకురావాలనుకోవడం ప్రమాదకరం.

మాటలు మెదడును తాకుతాయా అని అనుమానించేవారికి కాలిఫోర్నియాలో లూయిస్ బాక్స్‌టర్ 1992లో ప్రచురించిన చిన్న పరిశోధన ఉంది. చేతులు కడిగిందే కడిగే తరహా ఓసీడీ రోగుల్లో కొందరికి మందు, కొందరికి బిహేవియర్ థెరపీ ఇచ్చి స్కాన్ తీశారు. మెరుగుపడినవారిలో, చికిత్స ఏదైనా, మెదడులో ఒకేచోట చురుకుదనం తగ్గింది.

ఎవరికి అందుతోంది?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఢిల్లీలో ప్రైవేటుగా వారం వారం థెరపీ అంటే నెలకు వేలల్లో మాట. షాహ్‌దరాలోని పాత మానసిక చికిత్సాలయం 1993లో ఇహ్‌బాస్‌గా మారింది. ప్రభుత్వ ఆస్పత్రుల ఓపీలో డాక్టరుకు ఒక్కో రోగితో గడిపే తీరిక నిమిషాల్లోనే. ఈ ఖాళీని పూరించే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. 1976లో మొదలైన సంజీవిని సొసైటీ, శిక్షణ పొందిన వాలంటీర్లతో ఉచిత కౌన్సెలింగ్ ఇస్తూ వచ్చింది. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఎహసాస్ క్లినిక్‌ను నెలకొల్పింది ఫీజు కట్టలేనివారికీ మనోవిశ్లేషణ అందించాలనే.

డబ్బున్నా ఏకాంతం దొరకడం ఇంకో సమస్య. 2020 నుంచి ఆన్‌లైన్ సెషన్లు పెరిగాక, ఇంట్లో గోడలకు చెవులుంటాయని పార్కింగ్‌లోని కారులో కూర్చుని మాట్లాడేవారు ఉన్నారు. 'మా అబ్బాయి ఏం చెప్పాడండీ?' అని తల్లులు ఫోన్ చేస్తారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. కుటుంబాన్ని గది బయటే ఉంచాలని దీనర్థం కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యంలో భాగం చేశారు. దక్షిణ ఢిల్లీలోని విమ్‌హాన్స్ ఆస్పత్రి ఆయన పేరు మీదే వెలిసింది.

ఇక చికిత్సకుల నాణ్యత. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదు తప్పనిసరి. 'కౌన్సెలర్', 'థెరపిస్టు' అన్న బోర్డులకు మాత్రం చాలాకాలం అడ్డూ అదుపూ లేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం పరిధిలోకి కౌన్సెలర్లనూ తెచ్చారు. చేరేముందు థెరపిస్టును మూడు విషయాలు నేరుగా అడగొచ్చు: ఎక్కడ శిక్షణ పొందారు, నమోదు సంఖ్య ఏమిటి, తమ కేసులను పర్యవేక్షించే సీనియర్ ఎవరైనా ఉన్నారా? ఖర్చు పెట్టుకోలేనివారికి కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. ఆ ఉచిత ఫోన్ నంబరు 14416.