పేరు సంపాదన, పేరు కాపుదల

కరీంనగరు, నిజామాబాదు ప్రాంతాల పల్లెలలో బీడీ పని ఎరుగని వాడకట్టు అరుదు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి కట్టలు చేసే స్త్రీల పేరు ఆ కట్టపై ఎన్నడును ఉండదు. కట్టకు అంటించే లేబిలు యజమానిది. కొనువాడు దానిని చూచియే కొనును. వర్తకులు దీనినే మార్కా అందురు. సరుకు ఒకరి చేతిది, మార్కా మరొకరిది.

ఈ ఏర్పాటు ఎట్లు తారుమారైనదో చూపే మనిషి మనకు సమీపముననే ఉన్నది. మంచిర్యాల నుండి గోదావరి దాటి జగిత్యాల వైపు పోతే, మల్యాల మండలములో లంబాడిపల్లి అనే చిన్న ఊరున్నది. అక్కడి మిల్కూరి గంగవ్వ కూలి పని చేసి, బీడీలు చుట్టి సంసారము ఈదినది, చదువుకొనలేదు. ఆమె అల్లుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ అనే పేరుతో యూట్యూబులో పల్లెబ్రతుకు దృశ్యములను చూపుట ఆరంభించినాడు. కొన్నేండ్లకు వాటిలో గంగవ్వ ప్రవేశించినది. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ చిత్రములలో కనిపించినది. 2020లో ‘బిగ్ బాస్’ ఆటలోనికి పోయినది. ఇప్పుడు మార్కా ఆమె పేరే.

ఇందులో గమనింపదగినది ఒకటి. ఆమె తన మాటను మార్చుకొనలేదు. చీర కట్టు, చేతి విసురు, గద్దింపు అన్నీ లంబాడిపల్లివే. కండ్లు మూసికొని విన్నను ఈమె గంగవ్వ అని పోల్చవచ్చును. రేడియోలో పనిచేసే మాబోటి వారికి ఇంతకంటె గట్టి పరీక్ష తెలియదు. మా ముఖము ఎవరును చూడరు, గొంతే మా చిరునామా. మందమర్రిలోనో బెల్లంపల్లిలోనో నేడు సెల్‌ఫోను ముందు నిలుచున్న యువకులు పలువురు హైదరాబాదు యాసను అరువు తెచ్చుకొందురు. అరువు గొంతుకు గుర్తు నిలువదు. తన వృత్తిలో తనకు బాగుగా తెలిసిన సంగతిని, తన మాటలో, విడువక చెప్పువానికే ఆలస్యముగనైనను పేరు వచ్చుచున్నది.

పేరు వచ్చిన మరునాటి నుండి దానిని బాడుగకు అడుగువారు బయలుదేరుదురు. ఒక వస్తువు మంచిదని నాలుగు మాటలు చెప్పుము, ఇంత ఇత్తుమందురు. ఇందు తప్పు లేదు. అయితే సొమ్ము పుచ్చుకొని చెప్పినప్పుడు అది ప్రకటన అని స్పష్టముగా చూపవలెనని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో సూత్రములు చేసినది. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు, పందెపు యాప్‌లను ప్రచారము చేసినారని పలువురు నటులపైన, యూట్యూబు ప్రసిద్ధులపైన కేసులు నమోదు చేసినారు. అదే ఏడు ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటల ప్రకటనను కూడ నేరముగా పేర్కొన్నది. కేసు ఏమగునో కోర్టు చూచుకొనును. నాకు తోచునది వేరు: పేరు బాడుగకు ఇచ్చినవానికి పైకము ముట్టును, అతని ముఖము చూచి ఆడినవాని జీతము మట్టిలో కలియును.

ఇక దొంగతనము. ఛానలు గలవారికి ఒక ఈమెయిలు వచ్చును. ఫలానా సంస్థ ప్రకటన ఇచ్చుచున్నది, జతపరచిన ఒప్పందము చదువుమని. దానిని తెరువగనే కంప్యూటరులోని కుకీ అనునది దొంగ చేతికి పోవును. కుకీ అనగా సినిమా హాలులో విశ్రాంతి వేళ బయటకు పోవువారికి ఇచ్చు గేటు పాసు వంటిది. లోనికి వచ్చునప్పుడు టికెట్టు మరల చూడరు, పాసు చూచి విడుతురు. అందుచేత సంకేతపదము ఎంత కఠినమైనదైనను, ఫోనుకు వచ్చు రెండవ పరీక్ష ఉన్నను, ఈ ఒక్క దొంగను అవి ఆపలేవు. 2021లో గూగుల్ సంస్థవారే ఈ పద్ధతిని వివరించి హెచ్చరించినారు. తెలియని జతకాగితము తెరువకుండుటయే దీనికి మందు. తక్కిన దొంగలకు ఆ రెండవ పరీక్ష గట్టి గొళ్ళెమే కనుక దానిని తప్పక పెట్టుకొనవలెను. ఖాతా తెరిచిన ఈమెయిలు, ఫోను నంబరు స్నేహితునివి గాక మీవే అయి ఉండవలెను. పేరు నిలిచినదనిపించినచో 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. నమోదు పదేండ్లు చెల్లును, మరల పొడిగించుకొనవచ్చును.

అన్నిటికంటె కష్టమైనది నకిలీ. ఖాతా మీ చేతిలోనే ఉండును, మీ ముఖము మాత్రము మరొక చోట తిరుగుచుండును. 2022లో అప్పటి రాష్ట్ర పోలీసు డైరెక్టరు జనరల్ మహేందర్ రెడ్డి ఫొటోనే వాట్సాప్‌లో పెట్టుకొని మోసగాండ్రు సందేశములు పంపినారు. ఇప్పుడు యంత్రము గొంతును సైతము అనుకరించుచున్నది. 2025 సెప్టెంబరులో అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుండి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుండి తమ పేరును, రూపమును అనుమతి లేక వాడరాదని ఉత్తర్వులు పొందినారు. కోర్టు మెట్లెక్కు స్తోమత మంచిర్యాల బజారులోని ట్యూషను మాస్టరుకు ఉండదు. ఆయన ఫొటో పెట్టి “ఆసుపత్రిలో ఉన్నాను, ఐదు వేలు పంపు” అని అడిగినచో పంపునది ఆయన శిష్యుడే. పోయినది శిష్యుని సొమ్ము, తలవంపులు మాస్టరుకు.

అట్టి వేళ సిగ్గుపడి ఊరకుండరాదు. మొదట తన అసలు ఖాతా నుండి, వీలైన ప్రతి బృందములోను, అది నకిలీ అని ప్రకటింపవలెను. నకిలీని తొలగించుటకు ముందే దాని తెరబొమ్మను, తేదీ, నంబరుతో భద్రపరచుకొనవలెను. 2021 నియమముల ప్రకారము ఈ సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమింపవలసి యున్నది; అచట ఫిర్యాదు చేయవలెను. సమాచార సాంకేతిక చట్టములోని 66సి, 66డి సెక్షన్లు ఇతరుల గుర్తింపును దొంగిలించుట, వారుగా నటించి మోసగించుట అను నేరములకు మూడేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా విధించుచున్నవి. ఎవరైనను అప్పటికే డబ్బు పంపియున్నచో 1930 నంబరుకు వెంటనే ఫోను చేయవలెను. సొమ్ము ఒక బ్యాంకు నుండి మరొక బ్యాంకుకు దాటిపోక ముందు తెలిసినచో దానిని అక్కడనే నిలిపివేయుటకు వీలుండును.