పసిబిడ్డల టీకా – మూత్రాశయపు కాన్సరు

మనలో చాలామందికి ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉంటుంది. అది క్షయ రాకుండా పసితనంలో వేసిన బి.సి.జి. టీకా గుర్తు. ఆ మందే మూత్రాశయపు కాన్సరుకూ వాడతారంటే మా పెద్దమ్మ నమ్మలేదు. జహీరాబాదు దగ్గర రాయికోడ్ వాళ్ళది. పెదనాన్నకు మూత్రంలో రక్తం పడితే, వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగిస్తూ మూడు నెలలు గడిపేసింది. నొప్పి లేదు గదా అని ధీమా! నొప్పి లేకుండా రక్తం పడటమే చాలామందిలో ఈ జబ్బుకి మొదటి గుర్తని హైదరాబాదు వచ్చాక గాని తెలియలేదు. ఇక ఆడవాళ్ళమైతే నెలసరి అనో, మూత్రంలో మంట జబ్బనో సరిపెట్టుకుంటాం.

క్రిములతో కాన్సరును కొట్టే ఆలోచన పాతదే. న్యూయార్కులో విలియం కోలీ అనే సర్జను, ఒక రోగికి చర్మానికి క్రిములు సోకి విపరీతమైన జ్వరం వచ్చి, దానితోపాటే కంతీ కరిగిపోయిందని ఆస్పత్రి కాగితాల్లో చూశాడు. 1891లో తనే ఒక రోగికి క్రిములెక్కించాడు. తర్వాత చంపిన క్రిములు వాడాడు. కొందరికి గుణమిచ్చినా, ఎక్స్‌రే చికిత్స వచ్చాక ఆ మందు మూలబడింది.

బి.సి.జి. కథ వేరు. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు, పశువుల క్షయ క్రిమిని ఆలుగడ్డ, పైత్యరసం, గ్లిజరిన్ కలిపిన మేత మీద పెంచారు. మనం పెరుగులోంచి మళ్ళీ తోడు తీసినట్టు, 13 ఏళ్ళలో 230 సార్లు తీసి పెంచేసరికి దాని విషం పోయింది. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకిచ్చారు. మన దేశంలో 1948లో మద్రాసు గిండీలో తయారీ మొదలైంది. 1976లో కెనడా డాక్టరు మొరాలెస్, 9 మంది మూత్రాశయపు కాన్సరు రోగుల మీద దీని ఫలితాలు ప్రకటించాడు.

ముందు కంతిని గీకి తీసేస్తారు. తర్వాత సన్నని గొట్టంతో మందు మూత్రాశయంలోకి ఎక్కించి, రెండు గంటలు ఆపుకోమంటారు. ఇలా వారానికొకసారి, ఆరు వారాలు. దొంగ పడ్డాడంటే ఊరంతా కర్రలు పట్టుకొచ్చినట్టు, క్రిమి లోపలి పొరకంటుకోగానే ఒంట్లోని రక్షక కణాలన్నీ అక్కడికి చేరతాయి. ఆ సందట్లో, అంతవరకూ దాక్కున్న కాన్సరు కణాలూ దొరికిపోతాయి. అయితే జబ్బు పైపొరలో ఉన్నంతవరకే ఈ ఉపాయం. కండరంలోకి దిగితే మూత్రాశయమే తీసెయ్యాల్సి రావచ్చు.

"చిన్నప్పుడు టీకా వేస్తే మరి ఇదెందుకొచ్చింది?" అంది పెద్దమ్మ. ఆ టీకా ఈ కాన్సరును ఆపదు. పెదనాన్న బీడీల సంగతి డాక్టరుగారే అడిగారు. పొగాకే దీనికి ముఖ్య కారణమట.

ఇంట్లో మన పనీ ఉంది. మందు బతికున్న క్రిమి గనుక, మొదటి ఆరు గంటలు రోగి కూర్చునే మూత్రం పోయాలి. అందులో బ్లీచింగు ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్ళు కొట్టాలి. ఒకటి రెండు రోజులు మంట మామూలే. జ్వరం తగ్గకపోతే మాత్రం వెంటనే డాక్టరుకి చెప్పాలి. అరుదుగానైనా క్రిమి ఒంట్లో పాకుతుంది.

పెదనాన్నది కండరందాకా పోలేదు. ఆరు వారాలూ పెద్దమ్మ కాలెండరు మీద సున్నాలు చుట్టింది. ఇప్పుడు మూడు నెలలకోసారి లోపల గొట్టం వేసి చూపించుకోవడానికి ఇద్దరూ బస్సెక్కి వస్తున్నారు.